చెక్కుడు గాజు గిన్నె

ప్రశ్న: ఓడలో పనిచేసిన మా మామగారు తెచ్చిన గాజు గిన్నె మీద నాట్యం చేసే స్త్రీ బొమ్మ ఉంది. అడుగున 'ఓరెఫోర్స్' అని గీసి ఉంది. బొమ్మ చేత్తో చెక్కిందా, అచ్చులో పోసిందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఓరెఫోర్స్ దక్షిణ స్వీడన్‌లోని ఊరమ్మా, అక్కడ 2013 దాకా నడిచిన గాజు కార్ఖానాకీ అదే పేరు. 1916లో సైమన్ గాటే, 1917లో ఎడ్వర్డ్ హాల్డ్ అనే చిత్రకారులు చేరాక దాని దశ తిరిగింది. 1925 పారిస్ ప్రదర్శనతో లోకమంతా తెలిసింది. బొమ్మ గీసేది వాళ్లు, చెక్కేది వేరే పనివాళ్లు. నా దృష్టిలో సగం ఘనత ఈ చెక్కినవాళ్లదే. గిర్రున తిరిగే చిన్న రాగి చక్రానికి నూనెలో కలిపిన ఎమరీ పొడి (గాజుని అరగదీసే గట్టి రాతి పొడి) పూసి, గిన్నెని దానికి ఆనించి కదుపుతారు. గూడూరు దగ్గరి చిల్లకూరు సిలికా ఇసుక చూసిన మనకి గాజు దేంతో పుడుతుందో తెలుసు గానీ, ఈ పనితనం వేరు.

బొమ్మని వేలితో తడమండి. చక్రంతో చెక్కిందైతే గుంటగా తగులుతుంది. మోకాలి దగ్గర లోతు, జుట్టు దగ్గర సన్నని గీత, ఇలా లోతు మారుతుంటుంది. అవతలివైపు నుంచి చూస్తే అదే గుంట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది! అచ్చు గాజులో అంచులు మొద్దుగా, నున్నగా ఉంటాయి. అడుగున పేరు పక్కన అంకెలు, అక్షరాలు ఉంటే ఫోటో తీసి పంపండి. స్టీలు పీచు మాత్రం తగలనివ్వకండి.