ఆన్‌లైన్ పాఠంలో కొత్తదనం: దేన్ని చూసి మెచ్చుకోవాలి?

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా రెండేళ్ల కోర్సులు చెప్పే కాలేజీ) స్టాటిస్టిక్స్ ఆన్‌లైన్‌లో చెబుతున్నాను. ఆన్‌లైన్ బోధనలో కొత్తదనానికి మా కాలేజీ ఈ ఏడాది అవార్డు పెట్టింది. కాన్వాస్‌లో (ఆన్‌లైన్ క్లాసులు నడిపే సాఫ్ట్‌వేర్) వీడియోలు, క్విజ్‌లు, చాట్‌బాట్ అన్నీ వాడుతున్నాను. దరఖాస్తులో ఏం రాయాలి?
– ఓ పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ముందు ఆ జాబితా తీసి పక్కన పెట్టండి. క్విజ్‌లు, వీడియోలు ఈ రోజుల్లో అందరి కోర్సుల్లోనూ ఉంటాయి. విద్యార్థులు ఎక్కడ ఆగిపోతున్నారో మీరెలా పట్టుకున్నారు, అక్కడ ఏం మార్చారు, మార్చాక ఏమైంది – ఈ మూడూ రాయండి. దరఖాస్తంతా కలిపి ఒకే ఒక్క ఇబ్బంది గురించి ఉంటే ఇంకా మంచిది.

ఉదాహరణకు మూడో వారంలో స్టాండర్డ్ డీవియేషన్ పాఠం తీసుకోండి. 45 నిమిషాల వీడియో పెట్టారు, చాలామంది పదో నిమిషం దాటడం లేదని వీడియో లెక్కల్లో కనిపించింది. దాన్ని 6 నుంచి 8 నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర మూడు ప్రశ్నల క్విజ్ పెట్టారనుకుందాం. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పనితనం తప్పు జవాబు కింద మీరు రాసే వ్యాఖ్యలో ఉంది. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అంటే ఉపయోగం లేదు. ‘ఇది పది విలువల శాంపిల్. మీరు 10తో భాగించారు, ఒకటి తగ్గించి 9తో భాగించాలి’ అని ఆ తప్పుకు తగ్గ మాట రాస్తే అది బోధన. అలాంటి వ్యాఖ్య ఒకటి స్క్రీన్‌షాట్ తీసి దరఖాస్తుకు జత చెయ్యండి. రెండు పేజీల వర్ణన చెప్పలేనిది అదొక్కటే చెబుతుంది.

ఇక్కడ రెండు చోట్ల బెడిసికొడుతుంది. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చని వదిలేసి, ప్రతిసారీ అవే మూడు ప్రశ్నలు వస్తే, విద్యార్థులు లెక్క చెయ్యరు, ఏ ఆప్షన్ సరైందో గుర్తుపెట్టుకుంటారు. కనీసం పది ప్రశ్నల బ్యాంకు పెట్టి అందులోంచి మూడు వచ్చేలా చూడండి. రెండోది, క్విజ్ పాసైతేనే తర్వాతి మాడ్యూల్ తెరుచుకునేలా తాళం వెయ్యడం. శుక్రవారం రాత్రి ఇరుక్కున్నవాళ్లు సోమవారం మీరు మెయిల్ చూసేదాకా అక్కడే ఉండిపోతారు. పగలు ఉద్యోగం చేసుకుని వారాంతంలో చదువుకునేవాళ్లు ఎక్కువగా ఉండే క్లాసుల్లో ఇది చిన్న విషయం కాదు.

చాట్‌బాట్ సంగతి జాగ్రత్త. ఆన్‌లైన్ కోర్సులో అధ్యాపకులే విద్యార్థులతో క్రమం తప్పకుండా, పాఠానికి సంబంధించి సంభాషించాలని ఫెడరల్ నిబంధన. ఇప్పుడున్న నిర్వచనం 2021 జులై 1 నుంచి అమల్లో ఉంది. నేరుగా పాఠం చెప్పడం, చేసిన పని దిద్ది అభిప్రాయం చెప్పడం, సందేహాలు తీర్చడం, చర్చ నడిపించడం, అక్రెడిటర్ (కాలేజీకి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఒప్పుకున్న ఇతర బోధన పనులు – ఈ ఐదింట్లో కనీసం రెండు ఉండాలి. బాట్ ఇచ్చే జవాబు మీ సంభాషణ కింద జమకాదు. ఆ సంభాషణే లేకపోతే కోర్సును కరస్పాండెన్స్ కోర్సుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. అది విద్యార్థుల ఫెడరల్ ఆర్థిక సాయం దాకా వెళ్తుంది. బాట్ వల్ల మీకు మిగిలిన సమయాన్ని ఎవరి మీద, ఎలా వెచ్చించారో రాయగలిగితేనే దాని పేరెత్తండి.

ప్రశ్న: నా క్లాసులో పాస్ శాతం పెద్దగా మారలేదు. కానీ క్లాసు బాగుపడిందని నాకు తెలుస్తోంది. ఎలా చూపించాలి?
– ఓ పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: శాతం కట్టేటప్పుడు కింద ఏ సంఖ్య వేశారో చూడండి. లెక్క కోసం ఇలా అనుకుందాం. మార్పుకు ముందు సెన్సస్ రోజున (సెమిస్టర్ మొదట్లో కాలేజీ విద్యార్థుల సంఖ్యను అధికారికంగా లెక్కించే రోజు) 32 మంది ఉన్నారు, 7 మంది మధ్యలో విత్‌డ్రా అయ్యారు, మిగిలిన 25 మందిలో 20 మంది పాసయ్యారు. మార్పు తర్వాత సెన్సస్ రోజున 30 మంది, విత్‌డ్రా అయినవాళ్లు 4, మిగిలిన 26 మందిలో పాసైనవాళ్లు 21. చివరిదాకా ఉన్నవాళ్లతో భాగిస్తే 80 శాతం, 81 శాతం. తేడా ఏమీ లేదు. సెన్సస్ రోజు సంఖ్యతో భాగిస్తే 62.5 నుంచి 70కి పెరిగింది. మీరు సాధించింది విద్యార్థులు మానెయ్యకుండా ఆపడం. మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే మీ కష్టం కూడా వాళ్లతోపాటే మాయమవుతుంది.

అయితే 30 మంది క్లాసులో ఇద్దరు అటూ ఇటూ అయితే ఆరేడు శాతం ఊగుతుంది. ఒక్క సెమిస్టర్ చూపించి గొప్ప చెప్పుకోకండి. ముందు రెండు, తర్వాత రెండు సెమిస్టర్లు పెట్టండి. ఫాల్ సెమిస్టర్‌ను ఫాల్ సెమిస్టర్‌తోనే, 16 వారాల సెక్షన్‌ను 16 వారాల సెక్షన్‌తోనే పోల్చండి. ఫైనల్ పరీక్షలో అయిదారు ప్రశ్నలైనా మార్చకుండా ఉంచండి, లేకపోతే పరీక్ష తేలికైందా, విద్యార్థులు మెరుగయ్యారా అన్నది తేలదు. ఎవరూ అడక్కముందే ఆ అనుమానం మీరే రాసి, మీరే జవాబు చెబితే కమిటీకి నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: ఈసారి అవార్డు కమిటీలో నన్ను వేశారు. ఏటా అందమైన వీడియోలు చేసినవాళ్లకే వెళ్తోందని గుసగుస. మార్కులు ఎలా పెట్టాలి?
– ఓ పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: గుసగుసలో నిజం లేకపోలేదు. డెమో చూసి మార్కులు వేస్తే మెరుపుకే పడతాయి. వందలో 30 మార్కులు ఇబ్బందిని గుర్తించి సరైన చోట మార్చినందుకు, 30 ఫలితాల ఆధారానికి, 20 అందరికీ అందుబాటుకు, 20 ఇంకో అధ్యాపకుడు దాన్ని ఎత్తి తన కోర్సులో పెట్టుకోగలగడానికి పెట్టండి. వాడిన సాధనానికి విడిగా మార్కులు వద్దు. ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి, తేడా 15 దాటితే మూడోవాళ్లు చూడాలి.

అందుబాటు మార్కులు కాగితం చూసి వెయ్యకండి. కోర్సు కాపీ తెరిచి మౌస్ ముట్టుకోకుండా, ట్యాబ్ కీతోనే క్విజ్ దాకా వెళ్లి చూడండి. ఒక వీడియో శబ్దం ఆపేసి క్యాప్షన్లతో రెండు నిమిషాలు చూడండి. ఆటోమేటిక్ క్యాప్షన్లు మామూలు మాటలు బాగానే పట్టుకుంటాయి, సబ్జెక్టు పదాల దగ్గర, అంకెల దగ్గర తడబడతాయి. విద్యార్థికి కావలసినవి సరిగ్గా అవే. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఒక వాక్యం సెలెక్ట్ చేసి చూడండి. సెలెక్ట్ కాకపోతే అది బొమ్మ, స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు.

విద్యార్థులున్న అసలు కోర్సులోకి మాత్రం వెళ్లొద్దు. గ్రేడ్‌బుక్, చర్చల్లో పేర్లు అన్నీ ఉంటాయి. విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. విద్యార్థుల సమాచారం లేని, పాఠాలు మాత్రమే ఉన్న కాపీ (షెల్) అడగండి.

ఇంకొకటి. ‘ఫుల్‌టైమ్ వారికి మాత్రమే’ అన్న నిబంధన ఉంటే ముందు దాన్ని తీయించండి. కమ్యూనిటీ కాలేజీల్లో సగానికి పైగా అధ్యాపకులు పార్ట్‌టైమే. బహుమతిగా ఒక క్లాసు తగ్గిస్తామంటే అడ్జంక్ట్‌కు (క్లాసు లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైమ్ అధ్యాపకులకు) అది జీతం కోతే. వాళ్లకు డబ్బే ఇవ్వాలి.

ప్రశ్న: క్వాలిటీ మ్యాటర్స్ (ఆన్‌లైన్ కోర్సుల నాణ్యత పరిశీలించే సంస్థ) సర్టిఫికెట్ ఉంటే అవార్డుకు సరిపోతుందా?
– ఓ పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: సరిపోదు. వాళ్ల రూబ్రిక్ (మార్కులు వేసే కొలమానం) చూసేది కోర్సు రూపకల్పనను. 2023లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో 44 ప్రమాణాలున్నాయి. తప్పనిసరి ప్రమాణాలన్నీ నెగ్గి, మొత్తం మీద 85 శాతం తెచ్చుకోవాలి. కోర్సు పద్ధతిగా ఉందనడానికి అది మంచి రుజువే, కానీ మీరు రోజూ క్లాసు ఎలా నడుపుతున్నారో, అందులో కొత్తేముందో అది చెప్పదు. దరఖాస్తులో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లండి. కాలేజీ బయట ప్రయత్నించాలనుకుంటే ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీ కౌన్సిల్ ఈ-లెర్నింగ్ అవార్డులు ఇస్తుంది. ‘ఇన్నోవేషన్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు, కమ్యూనిటీ కాలేజీల సంఘమైన లీగ్ ఫర్ ఇన్నోవేషన్‌ది. అది లీగ్ సభ్య కాలేజీల ద్వారా వెళ్లాల్సిందే కాబట్టి, మీది సభ్య కాలేజీయో కాదో ముందే డీన్ ఆఫీసులో కనుక్కోండి.