ముగింపు తేదీ చూసుకో నాన్నా

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు అమెరికా కాలేజీ నుంచి ఐ-20, అదే వీసాకి కావలసిన అడ్మిషన్ పత్రం, వచ్చిందని పొద్దున్నే మీ అమ్మ ఫోన్. సగంసేపు సంబరం, సగంసేపు లోన్ గురించి బెంగ. నాకూ గర్వంగానే ఉందిరా. కానీ టెన్త్ పరీక్షకి హాల్‌టికెట్ టీవీ మీద వదిలేసి వెళ్లినవాడివి నువ్వు. నువ్వు వెళ్లేచోట బతుకంతా కాగితాల మీదే నడుస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తేలికవి ముందు. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు, రశీదు దాచుకో. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, పెట్టు. పాస్‌పోర్టూ ఐ-20 చేతి బ్యాగులోనే. ఇల్లు మారితే పది రోజుల్లోగా కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి చెప్పు. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలకి మించకూడదు. బయట గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ మీద నిలబడ్డావని తెలిసిందో, అక్కడికొచ్చి మరీ చెవి మెలిపెడతాను.

ఐ-20లో కోర్సు పేరు పక్కన చుక్కతో ఆరు అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని చూడకుండా ఫీజు కట్టేవాళ్లే ఎక్కువ. 52.1301 అయితే మేనేజ్‌మెంట్ సైన్స్, స్టెమ్ జాబితాలో, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువుల జాబితాలో ఉంది. 52.0201 మామూలు ఎంబీఏ కోడ్, అది లేదు. అదే బిల్డింగు, అవే పాఠాలు కావచ్చు. స్టెమ్ లేనివాడికి చదువయ్యాక 12 నెలల ఓపీటీతో, అంటే ఆ చదువుకి తగ్గ పని చేసుకునే అనుమతితో సరి, స్టెమ్ ఉన్నవాడికి దాని మీద 24 నెలలు. ఆ రెండేళ్లకీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 అనే శిక్షణ పత్రం మీద సంతకం పెట్టాలి. కాలేజీ సంగతీ చూడు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాలు ఏటా అందరికీ 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకి అదనంగా 20,000. గుర్తింపు ఉన్న ప్రభుత్వ కాలేజీయో, లాభాపేక్ష లేనిదో అయితేనే ఆ 20,000లో లెక్క.

ఇక రోజుల లెక్క. పెన్ను తీసుకో. 2028 మే 12న నీ కోర్సు అయిపోతుందనుకుందాం. ఓపీటీకి 90 రోజుల ముందు నుంచే, అంటే ఫిబ్రవరి 12 నుంచే అప్లై చెయ్యొచ్చు. ఆఖరి గడువు జులై 11. డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫార్సు ఎక్కించిన 30 రోజుల్లో ఐ-765, అంటే ఓపీటీ అర్జీ, వెళ్లిపోవాలి. కొత్త ఐ-20 చేతికొచ్చిందని సంతోషపడి దాన్ని డ్రాయర్‌లో పెట్టి, 31వ రోజున పంపి తిప్పికొట్టించుకున్నవాళ్లు ఏటా ఉంటారు.

ఓపీటీ ఏ రోజు మొదలవ్వాలో నువ్వే రాయాలి. మే 13 నుంచి జులై 11 దాకా ఏదైనా సరే. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. మే 13 రాశావా, ఉద్యోగం లేకపోతే ఆగస్టు 10కి ఆ తొంభై అయిపోతాయి. జులై 11 రాస్తే అక్టోబరు 8 దాకా గడువుంటుంది. చేతిలో ఆఫర్ ఉంటే ముందు తేదీ రాయి, లేకపోతే వెనక్కి జరుపు. మొదటి ఏడాదిలో నీ చదువుకి సంబంధించిన పని జీతం లేకుండా చేసినా, వారానికి 20 గంటలకి తగ్గకపోతే చాలు, ఖాళీ లెక్క ఆగుతుంది. స్టెమ్ రెండేళ్లలో ఆ వెసులుబాటు లేదు. మొదటి జీతం స్లిప్పులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కింద 7.65 శాతం కోస్తే అడుగు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా వాళ్లకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండదు.

ఈ లెక్కలు పిల్లల బుర్రల్ని ఎట్లా మారుస్తాయో చూస్తే జాలేస్తుంది. వెళ్లేటప్పుడు ఏం నేర్చుకుంటామని అడుగుతారు. రెండేళ్లకి అడిగేది ఒకటే, కంపెనీ హెచ్-1బీ లాటరీలో నా పేరు వేస్తుందా లేదా. పని నచ్చకపోయినా వదలరు. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చాక, అక్క పెళ్లికి రావడానికి కూడా జంకుతున్నారు. ఆ జంకుని ఉత్త పిరికితనం అనలేం. స్టూడెంట్ నుంచి హెచ్-1బీకి స్టేటస్ మార్పు ఫైలు నడుస్తుండగా దేశం దాటితే ఆ మార్పు అర్జీ వదులుకున్నట్టే.

అదిగో, ఆ భయం పట్టినప్పుడే బ్రోకర్ ఫోన్ చేస్తాడు. నా భయమంతా అక్కడే. మనవాళ్లు ఒకసారి కాదు, రెండుసార్లు పడ్డారు.

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో చదువు పేరుతో వీసా కాగితాలు అమ్ముకునే ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. 2011 జనవరిలో సోదాలు జరిగాయి. వెయ్యిన్నర మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లే. రికార్డు తెరిస్తే సగానికి పైగా పిల్లలు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రాసి ఉంది! కొందరి కాళ్లకి ట్రాకింగ్ పట్టీలు వేశారు. నడిపినామెకి 2014లో పదహారేళ్లకి పైగా శిక్ష పడింది. సరే, బుద్ధి వచ్చిందనుకున్నాం.

మళ్లీ 2019 జనవరి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు. దాన్ని పెట్టిందే హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు, వల వేయడానికి. దాదాపు 600 మంది చేరారు. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది మన దేశంవాళ్లే. కమిషన్ తీసుకుని చేర్పించారని ఎనిమిది మంది మీద కేసు పెట్టారు, వాళ్ల పేర్లలో ఎక్కువ మన పేర్లే. ఫీజు కట్టినవాళ్లంతా అమాయకులని నేననను. క్లాసులు లేవని వాళ్లకి తెలుసనే ప్రభుత్వం వాదించింది. కానీ ఎందుకు చేరారో అర్థం చేసుకో. ఓపీటీ అయిపోయి, లాటరీ తగలక, ఇంటిదగ్గర లోన్ అట్లాగే ఉండి. చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ, అంటే చదువుతుండగానే బయట పనిచేసే అనుమతి, అదే ఉద్యోగం, అదే ఫ్లాటు అని బ్రోకర్ చెప్పాడు. మాస్టర్స్‌లో మొదటి రోజు సీపీటీ చట్టంలో లేనిదేం కాదు, కోర్సే దాన్ని తప్పనిసరి చేసినచోట ఉంటుంది. ఆ సందులోంచే దొంగ దారి తీస్తారు. నిజమైన సీపీటీ అయినా 12 నెలలు ఫుల్‌టైమ్ చేస్తే అదే స్థాయి చదువుకి ఓపీటీ పోతుంది, ఈ ముక్క కూడా గుర్తుంచుకో.

కొత్త రకం ఇంకోటి. డబ్బు తీసుకుని ఆఫర్ లెటర్ ఇచ్చే కంపెనీ, పని లేదు, ఖాళీ రోజులు మాత్రం ఆగిపోయినట్టు పోర్టల్‌లో కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత హెచ్-1బీ ఫైలులోనో, కాన్సులేట్ కిటికీ దగ్గరో ఆ కంపెనీ పేరు బయటికొస్తుంది. 89వ రోజు వచ్చినా దాని జోలికి పోకు. ఆ రోజుకి డీఎస్‌ఓతో మాట్లాడు, ఇంకో కోర్సుకి ట్రాన్స్‌ఫర్ అడుగు, అదీ కుదరకపోతే టికెట్ కొనుక్కుని వచ్చెయ్. లోన్ సంగతి మీ అమ్మా నేనూ చూసుకుంటాం. మొహం చెల్లదని అక్కడ చీకటి గదిలో కూర్చోకు, అది నాకు కావలసింది కాదు.

ఇప్పటికి ఒక పని చెయ్. నీ ఐ-20లో ప్రోగ్రామ్ ముగింపు తేదీ ఏముందో చూసి నాకు మెసేజ్ పెట్టు. వంటింట్లో క్యాలెండర్ వెనక రాసిపెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ