చికెన్ ముక్క రబ్బరులా సాగుతోంది, షాపువాళ్ల మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఈమధ్య ఎక్కడ కొన్నా చికెన్ బాగుండట్లేదు. యాప్‌లో తెప్పించే బోన్‌లెస్ ప్యాకెట్లో బ్రెస్ట్ పీసులు పైన తెల్లటి గీతలతో గట్టిగా ఉంటున్నాయి, ఎంత ఉడికించినా నమలలేకపోతున్నాం. పొయ్యి మీద పెడితే ఒకటే నీళ్లు, కిలో తెస్తే ముప్పావు కిలో కూడా మిగలదు. పోనీలే అని వీధి చివర షాపులో రెట్టింపు డబ్బు పోసి నాటుకోడి కొంటే, అది గుడ్లు మానేసిన లేయర్ కోడి అని మా అత్తగారు చూడగానే చెప్పేశారు. యాప్ వాళ్లేమో 'నాచురల్ ప్రొడక్ట్ మేడమ్, ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది' అన్నారు. షాపతను 'మీకు వండటం రాదు' అన్నాడు. హార్మోన్ ఇంజెక్షన్లతో కోళ్లను పెంచుతున్నారని కల్తీ కేసు పెట్టొచ్చా? మా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: కేసు వేయొచ్చు. కానీ మీరు అనుకుంటున్న కేసు కాదు. 'కల్తీ', 'హార్మోన్ ఇంజెక్షన్' అనే మాటలతో ఫిర్యాదు రాస్తే మొదటి వాయిదాలోనే తేలిపోతుంది, అవతలివాళ్లకు మనమే దారి ఇచ్చినట్టవుతుంది. మీ దగ్గర నిజంగా బలమైన విషయాలు రెండున్నాయి. వాళ్లు ఏం చెప్పి అమ్మారు అన్నది ఒకటి, మీరు ఏం అడిగితే ఏం ఇచ్చారు అన్నది రెండోది. ఇక ముక్క గట్టిదనం ఒక్కటే పట్టుకుంటే నిలబడటం కష్టం, ఎందుకంటే ఆహార చట్టంలో రంగులకి, క్రిములకి, మందుల అవశేషాలకి లెక్కలున్నాయి గానీ చికెన్ ముక్క ఎంత మెత్తగా ఉండాలన్నదానికి అలాంటి అంకె లేదు. 2024లో ఇదే కర్ణాటక ప్రభుత్వం చికెన్ కబాబుల్లో కృత్రిమ రంగుల్ని నిషేధించిందంటే, శాంపిళ్లు లాబ్‌కి పంపితే రంగు ఉందో లేదో కాగితం మీద తేలుతుంది కాబట్టి. నమిలితే సాగుతోందన్నది అలా తేలదు.

ముందు ఇంజెక్షన్ల సంగతి తీసేద్దాం. ఇవాళ్టి బాయిలర్ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుందంటే అది ఎంపిక చేసి పెంచిన జాతి వల్ల, మేత వల్ల. షెడ్డులో వేల కోళ్లకి ఒక్కొక్కదాన్నీ పట్టుకుని హార్మోన్ సూదులు వేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. యాంటీబయాటిక్స్ మాత్రం నిజమైన సమస్యే. కొలిస్టిన్ అనే మందుని ఆహారానికి పెంచే జంతువులకి వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది, మిగతా మందుల అవశేషాలకి హద్దులు కూడా ఉన్నాయి. కానీ దాన్ని లాబ్ రిపోర్టుతో రుజువు చేయాలి, అదీగాక ముక్క గట్టిపడటానికి దానికీ సంబంధం లేదు. మీ ఫిర్యాదులో కలపొద్దు.

మీరు చెప్పిన తెల్లగీతల గట్టి బ్రెస్ట్‌కి శాస్త్రంలో పేరుంది, వుడీ బ్రెస్ట్ అంటారు. గీతల్ని వైట్ స్ట్రైపింగ్ అంటారు. ఎదలోని కండ మరీ వేగంగా, మరీ లావుగా పెరిగేసరికి దానికి రక్తం, ప్రాణవాయువు సరిగా అందవు, కండ పోగులు దెబ్బతిని ఆ చోట గట్టి పీచు, కొవ్వు చేరతాయి. 2014లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా రాశారు, ఆ తర్వాత చాలా దేశాల్లో ఇదే గొడవ. తింటే జబ్బు చేస్తుందని తేలలేదు. అందుకే చట్టం చెప్పే 'సురక్షితం కాని ఆహారం' కిందికి ఇది రాదు, జైలుశిక్ష పడే సెక్షన్లు పనికిరావు. ఆ మేరకు యాప్ వాళ్లు 'నాచురల్' అన్నది సగం నిజం. రెండో సగం వాళ్లు చెప్పలేదు. ఆ గట్టిదనం వేలితో నొక్కితే తెలుస్తుంది, గీతలు కంటికి కనిపిస్తాయి, ప్యాక్ చేసేటప్పుడు పక్కన పెట్టే వీలుంది. అలా పక్కన పెట్టకుండా దాన్నే ప్రీమియం రేటుకి, 'టెండర్, జూసీ, చేత్తో ఏరిన ముక్కలు' అని రాసి అమ్మితే మనకి చోటు దొరికింది.

ఎలాగంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'లోపం' అన్న మాటకి అర్థం చాలా విశాలంగా ఇచ్చారు. చట్టం కోరే ప్రమాణం తప్పితేనే లోపం అనుకోకండి, అమ్మేవాడు ఏ రకంగానైనా చెప్పుకున్న నాణ్యత లేకపోయినా అది లోపమే. యాప్‌లో ఆ సరుకు పేజీ మీద ఏం రాశారో అది వాళ్లు చెప్పుకున్నదే. కాబట్టి ఇప్పుడే, వాళ్లు మార్చకముందే, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్యాకెట్ అట్ట పారేయకండి. పచ్చి ముక్కల మీద గీతలు కనిపించేలా, పక్కన ప్యాకింగ్ తేదీ, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటోలు తీయండి, తీసిన ఫోన్లోంచి వాటిని చెరిపేయొద్దు. వండిన కూర ఫోటో ఎందుకూ పనికిరాదు.

నీళ్ల విషయంలో కొంచెం జాగ్రత్త. ఏ చికెన్ అయినా వండితే పావు వంతు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది, అది దాని ఒంట్లో నీరు. 'కిలో తెస్తే ముప్పావు కిలో అయింది' అని మీరు రాస్తే అవతలి లాయరు మొదటి ప్రశ్నతోనే దాన్ని కొట్టేస్తాడు. తూకం పచ్చిగా ఉన్నప్పుడే వేయాలి. ప్యాకెట్ విప్పే ముందు ఒకసారి, విప్పి అడుగున చేరిన నీళ్లు వంచేశాక ముక్కల్ని ఒకసారి, ఖాళీ అట్టని ఒకసారి, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. అట్ట బరువు తీసేస్తే లోపలున్నది మొత్తం ప్యాకెట్ మీద రాసిన నికర బరువు కంటే తక్కువ వస్తే అది తూనికలు కొలతల శాఖకి చెప్పాల్సిన నేరం, చికెన్ మెత్తదనంతో పని లేకుండా ఆ ఒక్క విషయం మీదే ఫిర్యాదు నిలబడుతుంది. బరువు సరిపోయి నీళ్లు మరీ ఎక్కువగా కనిపిస్తే లేబుల్ వెనక పదార్థాల వరుస చదవండి. బరువు పెరగడానికి ఉప్పునీళ్లు, ఫాస్ఫేట్లు ఎక్కించే పద్ధతి ఈ వ్యాపారంలో ఉంది. కలిపిన నీళ్లని, కలిపిన రసాయనాన్ని లేబుల్ మీద చెప్పి తీరాలి. చెప్పకుండా కలిపితే ఆ సరుకు 'మిస్‌బ్రాండెడ్', అంటే లేబుల్ తప్పుగా ఉన్న సరుకు అవుతుంది, ఆహార భద్రతా చట్టం 52వ సెక్షన్ కింద 3 లక్షల దాకా జరిమానా. కలిపారో లేదో మాత్రం లాబ్ చెప్పాలి.

లాబ్ అనగానే చాలామంది వెనకాడతారు గానీ మామూలు కొనుగోలుదారుకి కూడా ఆ హక్కు ఇచ్చారు, అదే చట్టంలో 40వ సెక్షన్. ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. తేడా ఉందని రిపోర్టు వస్తే ఆ ఫీజు మీకు తిరిగి ఇవ్వాలి, పైగా రిపోర్టు నేరుగా అధికారికి వెళ్లి వాళ్ల మీద చర్య మొదలవుతుంది. ఒక మెలిక ఉంది, అక్కడే అందరూ దెబ్బతింటారు: 'దీన్ని పరీక్షకి పంపబోతున్నాను' అని కొనే సమయంలోనే అమ్మేవాడికి చెప్పాలి. ఇంటికొచ్చి, రెండ్రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, కోపమొచ్చి పంపితే చెల్లదు. కాబట్టి పోయిన నెల ప్యాకెట్ గురించి మర్చిపోండి. ఈసారి ఆర్డర్ చేసేటప్పుడే వాళ్ల చాట్‌లో ఆ మాట రాసి, కాపీ ఉంచుకోండి. అంత ఓపిక లేకపోతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ప్యాకెట్ మీదున్న 14 అంకెల లైసెన్స్ నంబరుతో ఫిర్యాదు పెట్టండి, శాంపిల్ తీసుకునే పని అధికారిది అవుతుంది.

ఇక నాటుకోడి. నన్నడిగితే మీ అసలు కేసు ఇదే, మీరు ప్రశ్నలో రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ. కొనేవాళ్లు అడిగిన రకం, అడిగిన నాణ్యత కాని ఆహారం అమ్మడమే ఒక నేరమని ఆహార భద్రతా చట్టం 50వ సెక్షన్ సూటిగా చెబుతోంది. మీరు నాటుకోడి అడిగారు, నాటుకోడి రేటు కట్టారు, ఫారంలో గుడ్లు అయిపోయిన లేయర్‌ని చేతిలో పెట్టాడు. ఇందులో రుచి గొడవ లేదు, వండటం రాదన్న వాదన కూడా నిలబడదు. అసలు ఆ మాట అనడానికి అతనికేం హక్కుంది? తరతరాలుగా నాటుకోడి పులుసు వండుకుంటున్న ఇంట్లో మనిషికి కోడి గుర్తుపట్టడం రాదంటే వినాలా? మీ అత్తగారు దేన్ని చూసి గుర్తుపట్టారో అడిగి రాయించుకోండి. ఫారం లేయర్లకి సాధారణంగా చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు, ఎక్కువకాలం బోనులో ఉండటం వల్ల గోళ్లు పొడుగ్గా పెరుగుతాయి, తెల్ల లేయర్ అయితే ఈకల రంగే చెబుతుంది. తల, కాళ్లు ఇంకా ఫ్రీజర్లో ఉంటే ఫోటో తీయండి. ఇంకో సంగతి, ఇక్కడ గిరిరాజా కోడిని కూడా నాటి కోళి (కన్నడలో నాటుకోడి) అని అమ్ముతుంటారు. అది బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పెరటి పెంపకానికి తయారుచేసిన జాతి, మంచి కోడే, కానీ మన ఊళ్లో తిరిగే కోడి కాదు, ఆ రేటూ కాదు.

ఇక్కడ మీ బలహీనత బిల్లు. వీధి షాపులో ఎవరూ బిల్లు అడగరు. అడిగినా ఇవ్వకపోతే అదే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని 2019 చట్టం చెబుతోంది. ఫోన్లో డబ్బు పంపి ఉంటే ఆ రసీదు, షాపు బోర్డు మీద 'నాటి కోళి' రేటు ఫోటో, అతనితో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ మాటలు, ఇవి మూడూ కలిస్తే సరిపోతుంది. లేదంటే మళ్లీ ఒకసారి కొని, ఈసారి చీటీ మీద 'నాటుకోడి, ఇంత బరువు, ఇంత రేటు' అని రాయించుకోండి.

షాపులో మీ కళ్లముందే కోసిన కోడి గట్టిగా ఉందన్న ఫిర్యాదు మాత్రం వదిలేయండి. కోసిన గంటకే వండితే కండరం బిగుసుకుని ఉండే సమయం అది, ఏ కోడైనా సాగుతుంది. ఆరేడు గంటలు ఫ్రిజ్ కింది అరలో ఉంచి వండి చూడండి, అప్పటికీ అలాగే ఉంటేనే తప్పు కోడిది.

డబ్బు వెనక్కి రావడం గురించి అడిగారు కదా. ముందు ఫిర్యాదులు చూసే యాప్ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు, కన్నడ రాదని టెన్షన్ పడక్కర్లేదు. ఇలాంటి చిన్న మొత్తాలు ఎక్కువగా ఇక్కడే తేలతాయి, కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. అప్పటికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్లో దాఖలు చేసి వీడియోలో హాజరు కావడానికి కూడా అడగొచ్చు. గడువు రెండేళ్లు.

ఒక్క ప్యాకెట్ కోసం కమిషన్‌కి వెళ్లమని నేను చెప్పను, మీ సెలవులు దండగ. కానీ మీరు నెలల తరబడి అదే యాప్‌లో కొన్నారు, ఆర్డర్లన్నీ వాళ్ల దగ్గరే రికార్డులో ఉన్నాయి, మీ అపార్ట్‌మెంట్లో ఇదే బాధ పడుతున్నవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. నలుగురైదుగురు ఎవరి ఆర్డర్ నంబర్లతో వాళ్లు విడివిడిగా మెయిల్ పెడితే ఒక్కరు పెట్టినదానికంటే గట్టిగా పనిచేస్తుంది. నాటుకోడి షాపు సంగతి మాత్రం దీంతో కలపకండి, అవతలి పక్షం వేరు కాబట్టి దానికి వేరే ఫిర్యాదు, వేరే కాగితాలు. ఆ చీటీ చేతికొచ్చాక నాకు పంపండి, నోటీసు ఎలా రాయాలో చెబుతాను.