టైటిల్స్ రూపకల్పన: ముందు పేర్ల పట్టిక, ఆ తరువాతే స్టోరీబోర్డు

మొదటిసారి ఒక వెబ్ సిరీస్‌కు అరవై సెకన్ల టైటిల్స్ (మొదట్లో పేర్లు వేసే భాగం) చేస్తున్నారనీ, ముందుగా స్టోరీబోర్డు (దృశ్యాలను వరుసగా చూపే బొమ్మలు) గీయాలో, సంగీతం వచ్చేదాకా ఆగాలో తేలడం లేదనీ అడిగారు. నా అనుభవంలో ఆ రెండింటికంటే ముందు జరగవలసినది పేర్ల పట్టిక ఖరారు కావడం. ఎవరి పేరు ఎవరి తరువాత రావాలి, ఎవరికి విడి కార్డు (తెర మీద ఒకసారి కనబడే పేరు లేదా పేర్లు) ఇవ్వాలి, ఎవరి పేర్లు కలిపి వేయవచ్చు అన్నది నిర్మాతల చేత రాతపూర్వకంగా తీసుకోండి. ఇది చాలావరకు ఒప్పందాలలో ముందే తేలిపోయే విషయం కనుక మన అభిరుచితో దానికి పనిలేదు.

గడియారాలు బాగుచేసే ఒక మనిషి కథకు టైటిల్స్ చేసినప్పుడు నాకు 18 కార్డులని నోటిమాటగా చెప్పారు. అవీ అరవై సెకన్లే; సెకనుకు 24 ఫ్రేముల (విడి చిత్రాల) చొప్పున నా చేతిలో ఉన్నవి 1440 ఫ్రేములు. ఒక్కొక్క కార్డుకు 60 ఫ్రేములు కేటాయించాను; పేరు తేలిరావడానికి 12, కరిగిపోవడానికి 12 పోగా, నిలకడగా చదువుకోవడానికి 36 మిగులుతాయి. ఆ లెక్కన కార్డులకు 45 సెకన్లు, అసలు టైటిల్‌కు, అంటే కథ పేరుకు, 5 సెకన్లు పోయి, పేర్లేవీ లేకుండా పళ్ళచక్రాలను తీరిగ్గా చూపించడానికి 10 సెకన్లు దక్కాయి. తీరా సంగీతం రికార్డయ్యాక మరో 5 పేర్లు వచ్చాయి. 23 కార్డులకే 57.5 సెకన్లు కావాలి, టైటిల్‌తో కలిపితే 62.5. సంగీతాన్ని సాగదీసే వీలు లేక, కొందరు సాంకేతిక నిపుణుల పేర్లను జంటలుగా కలిపి, జంట కార్డుకు కొంత ఎక్కువ సమయం ఇచ్చి, నాకెంతో ఇష్టమైన ఆ పది సెకన్లలో చాలాభాగం వదులుకున్నాను. అప్పటినుంచి ప్రతి కార్డునూ గట్టిగా రెండుసార్లు చదివి, పట్టిన సమయాన్ని పట్టికలో పేరు పక్కనే రాసుకుంటున్నాను.

దృశ్యం విషయంలో ఒక్క ఆలోచనను పట్టుకుని చివరిదాకా నడపడం మేలు. టైటిల్స్ రూపకర్త సాల్ బాస్ 1960లో హిచ్‌కాక్ సినిమా ‘సైకో’కు చేసిన టైటిల్స్‌లో ప్రధానంగా ఉన్నవి గీతలూ, ముక్కలై మళ్ళీ అతుక్కునే అక్షరాలే, అయినా చదవవలసిన క్షణానికి పేరు పూర్తిగా కుదురుకుంటుంది. నేను మాత్రం తిరిగే ఇత్తడి చక్రం మీద తెల్లని సన్నటి అక్షరాలు వేశాను. చక్రం ఒక కోణానికి రాగానే వెలుగు తళుక్కుమని పేరులో సగం మాయమయ్యేది. స్థిరచిత్రంగా చూసినప్పుడు ఈ దోషం ఎవరికీ కనబడలేదు. అందుకే స్టోరీబోర్డు ఆమోదం పొందినా, ముతక చిత్రాలతోనైనా యానిమాటిక్ (స్టోరీబోర్డు బొమ్మలను అసలు సమయానికి నడిపే ముతక వీడియో) తయారుచేసి, పేర్లన్నీ వాటి వాటి స్థానాలలో పెట్టి నడిపించి చూడండి. సంగీత దర్శకుడికి కూడా దానినే ఇవ్వండి. దానికి తాత్కాలికంగా వేరే పాట జోడిస్తే దర్శకులు ఆ పాటనే ప్రేమించే ప్రమాదం ఉంది!

తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆంగ్లంలోలాగా ఒక్కొక్క అక్షరాన్నీ ఎగురవేస్తూ తెచ్చే తయారు ఎఫెక్టులు మన లిపిని తరచుగా విరిచేస్తాయి. ఒకసారి ‘లక్ష్మి’ అన్న పేరులో మ వత్తు, తాను అంటిపెట్టుకోవలసిన అక్షరం కంటే ముందే తెర మీదికి దూకింది. పేరును షేపుగా (టైపు అక్షరాలు కాక, గీసిన బొమ్మగా) మార్చి, వత్తులూ గుణింతాలతో సహా ఒక్కొక్క అక్షరాన్ని ఒక ముక్కగా కట్టుకున్నాకే కదిలించండి. రెండు వరుసల పేర్లలో పై వరుస వత్తులు కింది వరుస తలకట్లను తాకకుండా ఎడం కూడా పెంచాలి. తెరకు నాలుగు వైపులా పదేసి శాతం ఖాళీ వదలడం పాత పద్ధతే అయినా నేను ఇప్పటికీ పాటిస్తున్నాను.

అప్పగించేటప్పుడు పేర్లు లేని కాపీని కూడా విడిగా సిద్ధం చేయండి, వేరే భాషలోకి అనువదించేటప్పుడు మొదట అడిగేది దానినే. ఇక అక్షరదోషాలు సరిచూసే పని మీరు చేయవద్దు. నెలల తరబడి చూసిన కంటికి అవి ఆనవు. పట్టికను ఒకరు చదువుతుండగా, ఈ పని ఎన్నడూ చూడని మరొకరు తెర మీద సరిచూడాలి.