హల్లెలూయా కోరస్‌కి లేచి నిలబడటం సంగతి సరే, చివర్లో ఆగడం వచ్చా?

ప్రశ్న: హాండెల్ స్వరపరిచిన ‘హల్లెలూయా కోరస్’ పాడుతుంటే అందరూ ఎందుకు లేచి నిలబడతారు? ఈ క్రిస్మస్‌కి మా చర్చి క్వయర్ పాడబోతోంది. సభను కూడా నిలబడమనాలా?

నిలబడటం ఆచారమే, నియమమేమీ కాదు. 1743 మార్చి 23న లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో ‘మెస్సయ’ (ఈ కోరస్ ఉన్న హాండెల్ పెద్ద కృతి) పాడినప్పుడు రెండో జార్జి రాజు లేచాడట. రాజుగారు లేచాక ఇంకెవరు కూర్చుంటారు, సభంతా లేచిందట. ఈ కథకి ఆధారంగా చూపించేది 1780లో రాసిన ఒక ఉత్తరం. అంటే 37 ఏళ్ల తర్వాతి కబురు! రాజు ఆ రోజు హాల్లో ఉన్నాడనడానికి అప్పటి దాఖలా ఒక్కటీ లేదు. కాబట్టి మీ ఇష్టం.

నిలబడమంటే మాత్రం, మొదటి స్వరం మోగకముందే చెప్పి నిలబెట్టండి. పాటకి ముందు వాయిద్యాలకి ఉన్నది మూడే బార్లు (బార్‌కి నాలుగు బీట్లు), నాలుగో బార్‌లో క్వయర్ అందుకోవాలి. ఆ మూడు బార్లూ కుర్చీల చప్పుడులో కలిసిపోతే శ్రుతీ వినబడదు, వేగమూ అందదు. సొప్రానోలు (పై స్థాయి ఆడగొంతులు) ఒక వేగంలో, బేస్‌లు (కింది స్థాయి మగగొంతులు) ఇంకో వేగంలో మొదలెడతారు.

ఇంకో మాట. ఇది క్రిస్మస్ పాట కాదు. ‘మెస్సయ’ మూడు భాగాల్లో ఇది రెండో భాగం ముగింపు, మాటలు బైబిల్ ప్రకటన గ్రంథం 11, 19 అధ్యాయాలవి. క్రీస్తు జననమంతా మొదటి భాగంలోనే అయిపోతుంది. 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడింది కూడా ఏప్రిల్ 13న. అయినా డిసెంబర్ వస్తే చాలు, అందరికీ ఇదే కావాలి.

సరే, పాడించడం సంగతికొద్దాం. మొత్తం 94 బార్లు. మెట్రోనోమ్ 96 దగ్గర, అంటే నిమిషానికి 96 బీట్లకి, పెడితే దాదాపు నాలుగు నిమిషాలు. అంతకన్నా పరిగెత్తించకండి, చిన్న స్వరాల ‘హల్లెలూయా’లు నలిగిపోతాయి. మొదటి ‘హల్లెలూయా’లో ‘హల్’ ఒకటిన్నర బీట్లు, మిగతా మూడు అక్షరాలూ అర బీట్ చొప్పున, తర్వాత ఒక బీట్ ఖాళీ. మనవాళ్లకి చివరి ‘యా’ని సాగదీసే అలవాటు. దాంతో ఆ ఖాళీ మాయమై పాట బరువెక్కుతుంది. ‘యా’ తేలిగ్గా పడి తెగిపోవాలి. రాగం లేకుండా, చేత్తో తాళం వేస్తూ ముందు మాటలు మాత్రమే చెప్పించండి.

‘ద కింగ్‌డమ్ ఆఫ్ దిస్ వరల్డ్’ దగ్గర చాలా స్కోర్లలో (స్వరాలు రాసిన పుస్తకాల్లో) చిన్న గొంతుతో అని రాసి ఉంటుంది. ఎవరూ చూడరు. అక్కడ తగ్గకపోతే నాలుగు బార్ల తర్వాత వచ్చే పెద్ద గొంతుకి విలువ ఉండదు. ‘అండ్ హీ షల్ రెయిన్’ బేస్‌లు మొదలెడతారు, తర్వాత వరుసగా టెనర్ (పై మగగొంతు), ఆల్టో (కింది ఆడగొంతు), సొప్రానో. కొత్త గొంతు చేరగానే అంతకుముందు అందుకున్నవాళ్లు కాస్త తగ్గాలి. లేకపోతే ఆల్టోలు వచ్చిన సంగతి ఆల్టోలకే తెలుస్తుంది.

అసలు పరీక్ష ‘కింగ్ ఆఫ్ కింగ్స్’. సొప్రానోలు సాగే స్వరాల మీద డి, ఇ, ఎఫ్ షార్ప్, జి అంటూ మెట్టుమెట్టుగా పైకెక్కుతారు. ప్రతి మెట్టులో కొంచెం కొంచెం శ్రుతి జారి, జి దగ్గరకొచ్చేసరికి కీబోర్డ్ ఒకచోట, వీళ్లొకచోట. రెండు కారణాలు. ‘కింగ్’లో ‘ఇ’కారం గొంతు బిగిస్తుంది, దవడ దించి, కొద్దిగా ‘ఎ’ వైపు తెరిచి పాడాలి. రెండోది ఊపిరి. పక్కపక్కవాళ్లు ఒకేసారి ఊపిరి తీసుకోకుండా, ఎవరెక్కడో స్కోర్‌లో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. అప్పటికీ అందకపోతే కీబోర్డ్ ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి చేయండి, అంటే అర స్వరం కిందికి, తప్పేం లేదు. హాండెల్‌దని చెప్పే ట్యూనింగ్ ఫోర్క్ (శ్రుతి చూసుకునే కడ్డీ) 422.5 హెర్ట్జ్, ఇప్పటి 440 కన్నా అర స్వరానికి కొంచెం తక్కువ కిందికి. అసలు ట్రంపెట్లు ఉంటే మాత్రం ఈ ఉపాయం చేయొద్దు, వాళ్ల వాయిద్యం డి శ్రుతికి కట్టిందైతే ఇరుక్కుపోతారు.

ఇక చివరి నాలుగు బార్లు. ‘హల్లెలూయా, హల్లెలూయా’ అంటూ ఒకే ఊపులో వచ్చి, అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాతే నెమ్మదిగా ఆఖరి ‘హల్లెలూయా’. నోరు ఆ ఊపుకి అలవాటుపడిపోయి ఉంటుంది కాబట్టి, స్కోర్‌లో తలదూర్చిన ఒక టెనర్ ఖచ్చితంగా ‘హల్’ అంటాడు. ఆ ఒక్క ‘హల్’ హాలంతా వినబడుతుంది. ఎంత చెప్పినా లాభం లేదు. చివరి ఎనిమిది బార్లు కంఠస్థం చేయించి, పుస్తకాలు మూయించి, కళ్లు మీ చేతి మీదే ఉంచమనండి. ఆగినప్పుడు మీ చేయి గాల్లో కదలకుండా ఉండాలి. అది ఏమాత్రం ఊగినా వాళ్లు దూకేస్తారు.

వందమందిని పోగేయాలని చూడకండి. 1754లో లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో (అనాథ పిల్లల ఆశ్రమం) పాడినప్పుడు కోరస్‌లో ఉన్నది 19 మంది: ఆరుగురు పిల్లలు, 13 మంది మగవాళ్లు. సోలో గాయకులు ఐదుగురూ వాళ్లతో గొంతు కలిపారు. ఇరవైమంది ఉన్న క్వయర్‌లో తలా ఒక మైక్ పట్టుకుని, వెనకాల ట్రాక్ వేసుకుని పాడే పద్ధతి మాత్రం మానేయండి. ట్రాక్ మీ టెనర్ కోసం ఆగదు. ముందు రెండు స్టాండ్ మైకులు చాలు, క్వయర్‌కి ఆరేడు అడుగుల దూరంలో.