కంచె కోళ్ళకు కాదు, కూరమొక్కలకు వేయండి

మీరు అడిగినవి మూడు. అయిదు సెంట్ల పెరట్లో కూరగాయలూ, వదిలేసి పెంచే నాటుకోళ్ళూ కలిసి ఉండగలవా? ఏటికేడు ముదురుతున్న ఎండలను కోళ్ళు తట్టుకుంటాయా? ఇలా పెంచడం వల్ల పర్యావరణానికి నిజంగా మేలు ఉందా? మాది పల్నాడు, రెంటచింతలకు దగ్గరి ఊరు. ఎండల వార్తల్లో ఆ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఎండల్లోనే చాలా ఏళ్ళుగా పెరటి తోటనూ కోళ్ళనూ కలిపి పెంచుతున్నాం. కలిసి ఉండగలవు. అయితే కోళ్ళు కొనేముందు చెట్లు పెట్టండి.

కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలు రోజుల్లోనే 41 డిగ్రీల దాకా ఉంటుంది. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకోవడం తప్ప ఆ వేడిని వదిలించుకునే దారులు దానికి పెద్దగా లేవు. బయటి గాలి కూడా 40 డిగ్రీలు దాటితే అవి కూడా సరిపోవు. రొప్పినకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటకు పోయి, గుడ్డు పెంకుకు కావలసిన కార్బనేట్ తగ్గిపోతుంది. మే నెల గుడ్లు చేతిలోనే చిట్లడానికి కారణం ఇదే. ఆల్చిప్పల పొడి పెడితే కొంత మేలు, కానీ అసలు మందు నీడే. మన కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోడి వెదురు పొదల కింద రాలిన ఆకులను గీరుకుంటూ బతికే పక్షి. దాని సంతతిని తెచ్చి చెట్టు లేని పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో రేకు కింద ఎవరైనా ఒక గంట కూర్చుని చూస్తే చాలు.

మా పెరట్లో మునగ, వేప, సీతాఫలం ఉన్నాయి. తొందరగా నీడ కావాలంటే మునగను మించింది లేదు, దాని ఆకు కోళ్ళకు మేత కూడా. రాత్రి గూటికి తాటాకు కప్పు వేయండి. రేకు ఇప్పటికే ఉంటే పైన సున్నం కొట్టి, వరిగడ్డి మందంగా పరవండి. పొడి ఎండ ఉండే మా వైపు గోనెపట్టాలు తడిపి కడితే గూడు బాగా చల్లబడుతుంది. మీరు కోస్తాలో ఉక్కపోత ఉన్నచోట ఉంటే మాత్రం తడిపినందువల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. అక్కడ గాలి ఆడటమే ముఖ్యం, రెండు వైపులా తెరిచి జాలీ బిగించండి. నీళ్ళు వెడల్పాటి మట్టి మూకుడులో, నీడలో, పూటపూటకూ మార్చి పెట్టాలి. మేత తెల్లవారుజామునా, పొద్దు వాలాకా మాత్రమే పెట్టండి. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది, మిట్టమధ్యాహ్నం గింజలు చల్లితే ఆ వేడి కూడా తోడవుతుంది.

ఇక తోట సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎండలు ఎక్కువైనకొద్దీ నేల మీద గడ్డీ ఆకులూ పరిచి తడి నిలుపుకోవాలి, లేకపోతే ఎన్ని నీళ్ళు పోసినా చాలవు. కోడికి అలా పరిచిన గడ్డిని చూస్తే కాళ్ళు ఆగవు. చిందరవందర చేసి, వేళ్ళు బయటపడేదాకా గీరుతుంది. అది దాని స్వభావం, మాన్పించలేం, మాన్పించకూడదు కూడా. అందుకే పెద్ద మొక్కల మొదళ్ళలో ముందు గడ్డి పరిచి, దాని మీద కొబ్బరి మట్టలు అడ్డంగా పెట్టి, చుట్టూ పెంకుముక్కలో రాళ్ళో పేర్చండి. తడి నిలుస్తుంది, కోడి పైపైన పురుగులు ఏరుకుని పోతుంది. కొత్తగా నాటిన నారు మీద కోళ్ళ గంపనే బోర్లించండి. కోడిని మూసే గంప మొక్కను కాపాడటానికి అంతకన్నా బాగా పనికొస్తుంది. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర మళ్ళకు మాత్రం మనిషి ఛాతీ ఎత్తున పాత చేపల వల కట్టి తీరాలి. ఆకుకూర కనిపిస్తే మోడు కూడా మిగల్చవు. పైగా పచ్చిగా తినే ఆకుల మీద కోళ్ళ రెట్ట పడటం ఆరోగ్యానికి మంచిది కాదు. వంగ, పసుపు, అల్లం, కరివేపాకు, నిమ్మగడ్డిని మా కోళ్ళు పట్టించుకోలేదు. టమాటాలు ఎర్రబడితే ఎగిరి మరీ పొడుస్తాయి.

పంట తీసేసిన మడిలోకి వలను పక్కకు జరిపి కోళ్ళను వదలండి. కలుపు విత్తనాలు, గొంగళి పురుగులు, మట్టిలో దాగిన ప్యూపాలు (రెక్కలు రాకముందు గూటిలో ఉండే పురుగులు) ఏవీ వదలవు. జామ, మామిడి కింద రాలిన పుచ్చిన కాయల్లోని పండుఈగ పురుగులను కూడా అక్కడే తినేస్తాయి. తొలకరి వానలకు పైకి వచ్చే పెంకుపురుగులనూ చెదపురుగులనూ అవి వేటాడుతుంటే చూడాలి, ఆ ఉత్సాహం మనకూ అంటుకుంటుంది. పురుగుమందు డబ్బా మా ఇంట్లోకి రాకపోవడానికి ఇది పెద్ద కారణం. తోటలో ఎవరు మందు కొట్టినా కోళ్ళను అటు పోనివ్వకండి.

పచ్చి రెట్ట నేరుగా మొక్కకు వేయవద్దు, నత్రజని ఎక్కువై వేళ్ళు మాడిపోతాయి. ఎండుటాకులు, ఊక కలిపి తడుపుతూ మూడు నాలుగు నెలలు మాగనిచ్చాక వేస్తే వంగ కాపు చూసి మీరే సంతోషిస్తారు.

పర్యావరణం మాటకొస్తే నాకు గట్టి అభిప్రాయం ఉంది. దుకాణంలో కొన్న దాణాతోనే నాటుకోళ్ళను పెంచితే ఒరిగేది తక్కువ. నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు చాలా తక్కువ. ఆ దాణాలోని మొక్కజొన్న, సోయా ఎక్కడో పొలంలో ఎరువులూ నీళ్ళూ తాగి, లారీలో వచ్చినవే. కోడి పురుగులు, గడ్డి, నూకలు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం తిని బతికితేనే లెక్క సరిపోతుంది. తడిచెత్త కుప్పలో గాలి ఆడక కుళ్ళితే మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 25 రెట్లకు పైగా వేడిని పెంచే వాయువు. వంటింటి చెత్త గేటు దాటకుండా చూడటం మన చేతిలో ఉన్న పని. బూజు పట్టినవీ, పచ్చళ్ళ లాంటి ఉప్పటివీ మాత్రం పెట్టకండి. మిగతావి తినలేనన్ని ఉంటే ఎరువు గుంతలో వేయండి. అందుకే మీ అయిదు సెంట్లకు అయిదారు కోళ్ళు మించవద్దంటాను. అంతకు మించితే నేల బోడిగా మారుతుంది, దాణా కొనక తప్పదు.

జాతి విషయంలో, గుడ్లే ముఖ్యమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ చూడండి, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే అక్కడిదే వనరాజా. నాకు ఊరి కోళ్ళే ఇష్టం. ఒళ్ళు తేలిక కాబట్టి ఎండను మెరుగ్గా తట్టుకుంటాయి, గద్ద నీడ పడగానే పొదలో దూరతాయి, తామే పొదిగి పిల్లలను తిప్పుకుంటాయి. మెడ మీద ఈకలు లేని రకం దొరికితే వదలకండి, ఆ బోడి మెడ నుంచి వేడి సులువుగా పోతుంది. ముంగిసలూ కుక్కలూ తిరిగే చోటైతే పొద్దుగూకగానే గూడు మూయడం మరవవద్దు. కొక్కెర తెగులుకు పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్‌2బి టీకా వేయించండి. ఒక్కసారి ఆ తెగులు ఊళ్ళోకి వచ్చిందంటే గూళ్ళు ఖాళీ అవుతాయి. పశువుల ఆసుపత్రిలో అడగండి, టీకా మందును ఐసు డబ్బాలోనే తెచ్చుకోండి.

మృగశిర వానలు పడగానే మునగ కొమ్మలు పాతండి, పక్కనే సీతాఫలం, వేప మొక్కలు నాటండి. ఈ ఏడాది ఆకుకూరల మళ్ళూ, వల కంచే, ఎరువు గుంతా సిద్ధం చేసుకోండి. కోడిపిల్లలను వచ్చే వానాకాలానికి తెచ్చుకుంటే, అవి ఎదిగి మొదటి ఎండాకాలం చూసేసరికి మునగ నీడ పరుచుకుని ఉంటుంది.