పై అంతస్తులో జనరేటర్ ఉన్నా వరదలో ఆగిపోతే: ముందు డీజిల్ పంపును చూడండి

నెలనెలా పరీక్షలో చక్కగా నడిచిన జనరేటర్ వరద రోజున గంట తిరక్కుండానే ఆగిందంటే, లోపం చాలావరకు ఇంజనుది కాదు, నేలమాళిగలోని పెద్ద ట్యాంకు నుంచి డీజిల్‌ను పైకి ఎక్కించే పంపుది. పంపు మునిగినా, దానికి కరెంటు అందకపోయినా, పైనున్న చిన్న ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపే ఇంజను తిరుగుతుంది. 2012లో శాండీ తుఫానుకు న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో ఇలాగే జరిగింది. జనరేటర్లు 13వ అంతస్తులో, పంపులు నేలమాళిగలో. మనుషులే డీజిల్‌ను మెట్ల మీదుగా మోశారు.

1. పంపుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో తీగ వెంట నడిచి చూడండి. పాత నక్షాను నమ్మవద్దు.

2. బయటి సరఫరా పూర్తిగా ఆపి పరీక్షించండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. బయటి కరెంటు ఉండగా పరీక్షిస్తే పంపు దాని మీదే నడుస్తుంది, లోపం బయటపడదు. పూర్తి లోడు మీద, చిన్న ట్యాంకు ఒకసారి ఖాళీ అయి మళ్లీ నిండేంత వరకు నడపండి. ముందుగా అన్ని విభాగాలకూ తెలియజేసి, ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచుకోవడం తప్పనిసరి.

3. పంపును జనరేటర్ సరఫరాకు కలపండి. పంపునూ స్విచ్ బోర్డునూ వరద మట్టానికి పైకి మార్చండి.

4. అంతవరకు పైన ఒక చేతి పంపు, సరిపడా డీజిల్ నిల్వ నిబంధనల మేరకు ఉంచండి.